పాత డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు: కొనేముందు క్యాబినెట్ మూత తీయండి

కావలిలో పెళ్ళి ఆల్బమ్ డిజైనింగ్, వీడియో మిక్సింగ్ నా పని. అటు సింగరాయకొండ నుంచి ఇటు నెల్లూరు దాకా చిన్న చిన్న స్టూడియోల వాళ్ళు హార్డ్‌డిస్కులు తెచ్చి ఇచ్చిపోతుంటారు. పోతూ పోతూ చాలామంది అడిగే మాట ఒకటుంది: "అక్కా, మా సిస్టం బో స్లోగా ఉంది. మంచి గ్రాఫిక్ కార్డు పేరొకటి చెప్పు, తెప్పించుకుంటాం." నేను పేరు చెప్పను. "మీ ఎస్ఎంపీఎస్ మీద ఏం రాసుంది?" అని అడుగుతాను. ఎస్ఎంపీఎస్ అంటే క్యాబినెట్ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె. చూడలేదంటారు. మూత తీసి ఫోటో పంపమంటాను. కార్డు ఎంపిక మొదలయ్యేది అక్కడే.

కొత్త కంప్యూటర్ కట్టించుకునేటప్పుడు ముందు కార్డు అనుకుని దానికి తగ్గట్టు మిగతావి కొనుక్కోవచ్చు. ఏళ్ళ తరబడి వాడిన డెస్క్‌టాప్‌తో అలా కుదరదు. లోపల కరెంటు ఎంత దొరుకుతుంది, చోటెంత ఉంది, మదర్‌బోర్డు ఏ కాలంది, మానిటర్‌కి ఏ వైరు పోతోంది, ఈ నాలుగూ చూస్తే మీకు పనికొచ్చే కార్డులు రెండో మూడో మిగులుతాయి. వాటిలో మీ పనికి ఏది కావాలో తేల్చుకోవడం తేలిక. ఈ వరస తప్పితే పోయేది కార్డు డబ్బులే కాదు. మన డిస్కుల్లో ఉండేవి వేరేవాళ్ళ తలంబ్రాలు, అప్పగింతలు. నాసిరకం ఎస్ఎంపీఎస్ మీద పెద్ద కార్డు బిగిస్తే, ఆ ఎస్ఎంపీఎస్ కాలిపోయేటప్పుడు హార్డ్‌డిస్కును కూడా తీసుకుపోవచ్చు. ఆ పెళ్ళిని మళ్ళీ షూట్ చేయలేం. ఈ విషయంలో నేనింత పట్టుగా మాట్లాడేది అందుకే.

ముందు, కావాల్సింది కార్డేనా?

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ పెట్టుకోండి. ఒక పక్క మీరు రోజూ చేసే పనే నడవనివ్వండి. మిక్సింగ్ అయితే టైమ్‌లైన్ ప్లే చేయండి, తర్వాత ఎక్స్‌పోర్ట్ పెట్టండి. ఆల్బమ్ అయితే పెద్ద షీటు ఒకటి తెరిచి పది లేయర్లు వేయండి. అప్పుడు ఏ గీత పైకెక్కి దిగకుండా ఉందో చూడండి.

డిస్క్ గీత 100 దగ్గర నిలబడిపోతే మీకు కావాల్సింది ఎస్ఎస్‌డీ. ర్యామ్ నిండిపోయి డిస్క్ కొట్టుకుంటుంటే ర్యామ్. నా దగ్గరికి ఈ మాట అడుగుతూ వచ్చేవాళ్ళలో చాలామందికి ఈ రెండింట్లో ఒకటి మారిస్తే సరిపోయింది. 12 ఇంచీలకు 36 ఇంచీల కరిజ్మా ఆల్బమ్ షీటును 300 రిజల్యూషన్‌లో తెరిస్తే 3600కి 10800 పిక్సెళ్ళు, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్ళు. దాని మీద లేయర్ల పని ముఖ్యంగా అడిగేది ర్యామ్‌ని, వేగమైన డిస్కుని. ఫోటోషాప్ కోసమే అయితే 8 జీబీ ర్యామ్‌తో ఉన్న మెషీన్‌కి కార్డు వేసి ఉపయోగం పెద్దగా ఉండదు. ముందు 16 చేయండి. వీలైతే రెండు స్టిక్కులుగా వేయండి, డ్యూయల్ ఛానల్‌లో నడుస్తాయి.

ఫోటో పనిలో కార్డును నిజంగా పిండేది ఒకటుంది: ఫోటోషాప్‌లోని కెమెరా రాలో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్, ఫోటోలో గింజల్లాంటి మచ్చలు తీసేసేది. రాత్రి ముహూర్తాల్లో ఎక్కువ ఐఎస్ఓ పెట్టి తీసిన ఫోటోలకు దాన్ని వాడక తప్పదు. దాని వేగం చాలావరకు కార్డు మీద ఆధారపడుతుంది. ఏఐ లెక్కల కోసం పెట్టిన టెన్సర్ కోర్లున్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల్లో ఒక్కో ఫోటోకీ పట్టే సమయం బాగా తగ్గుతుంది.

వీడియోలో లెక్క వేరు. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు సీపీయూ 100కి పోయి గ్రాఫిక్స్ గీత పడుకుని ఉంటే "మాది సీపీయూ లోపం, కార్డు దండగ" అనుకోకండి. కార్డులో ఉండే ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించి ఫైలుగా చేసే భాగం, ఆ బరువులో పెద్ద భాగం ఎత్తుకుంటుంది. అలాంటి మెషీన్‌కి కార్డు నిజంగా మేలు చేస్తుంది.

ఇంకొకటి, వేడి. చీమకుర్తిలో ఒక స్టూడియో వాళ్ళు మెషీన్ మధ్యాహ్నం అయ్యేసరికి నడవడం లేదని తెచ్చారు. మూత తీస్తే సీపీయూ హీట్‌సింక్ నిండా తెల్లటి రాతిపొడి. గ్రానైట్ కటింగ్ జరిగే ఊళ్ళో అది ఎక్కడికైనా దూరుతుంది. బ్లోయర్‌తో ఊది, థర్మల్ పేస్ట్ మార్చి ఇచ్చాను. కార్డు కొనకుండానే వాళ్ళ పని నడుస్తోంది. మీరూ ముందు ఆ పని చేసి, మళ్ళీ గీతలు చూడండి.

మూత తీశాక చూడాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం ఎస్ఎంపీఎస్. దాని మీద పెద్ద అక్షరాల్లో 450 అనో 500 అనో ఉంటుంది. ఆ అంకెను నమ్మకండి. స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి ఉంటుంది, దాని కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ప్రధానంగా ఆ 12 వోల్టుల నుంచే. 18 ఆంపియర్లని ఉంటే 12 పెట్టి గుణించండి: 216 వాట్లు. పైన 450 అని ఉన్నా మీకు దొరికేది అంతే. ఇప్పుడు ఐ5 4590 లాంటి నాలుగో జనరేషన్ ప్రాసెసర్‌కి 84 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకి 170 వాట్లు. కలిపితే 254. ఫ్యాన్లు, డిస్కులు కలపకముందే లెక్క దాటిపోయింది. అదే 75 వాట్ల కార్డయితే 159, ఊపిరి తీసుకోవడానికి చోటుంటుంది. మొత్తం వాడకం దొరికేదానిలో ముప్పావు వంతు దాటకుండా చూసుకుంటాను నేను.

75 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. మదర్‌బోర్డు మీది పెద్ద స్లాటు కార్డుకు ఇవ్వగలిగింది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకన్నా ఎక్కువ తినే కార్డుకు ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి: 6 పిన్నుల వైరు మరో 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. మీ ఎస్ఎంపీఎస్‌లో ఆ వైరు లేకపోతే, తయారు చేసినవాళ్ళు దాన్ని పెద్ద కార్డుల కోసం ఉద్దేశించలేదని అర్థం. హార్డ్‌డిస్క్ వైరు నుంచి 6 పిన్నులకు మార్చే కన్వర్టర్లు చవగ్గా దొరుకుతాయి. ముఖ్యంగా సాటా వైరు నుంచి తీసేవి వద్దే వద్దు, ఆ పిన్నులు అంత కరెంటు మోయలేక కరిగిపోతాయి.

మన దగ్గర చాలా స్టూడియోల్లో ఉన్నవి మద్రాసు, హైదరాబాద్ ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు. గట్టి మెషీన్లు, నాకు ఇష్టమే. కానీ వాటి సంగతి వేరు. ఉదాహరణకు డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 9020ల్లో మదర్‌బోర్డుకు పోయే వైరు మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. బజార్లో దొరికే ఎస్ఎంపీఎస్ నేరుగా పట్టదు. కాబట్టి అలాంటి మెషీన్‌కి స్లాటు కరెంటుతో నడిచే కార్డే దారి. సన్న రకం క్యాబినెట్ అయితే సగం ఎత్తు కార్డు, దానికి సగం ఎత్తు బ్రాకెట్ కావాలి. కార్డు మందం రెండు స్లాట్లయితే పక్కన ఎస్ఎంపీఎస్‌కో డిస్కుకో తగులుతుందేమో చూడాలి. ఇంకో మెలిక: ఇలాంటి చిన్న మెషీన్లలో కొన్నింటికి స్లాటులో 75 వాట్లు కూడా ఇవ్వరు. మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది. అందులో స్లాటు వాట్లు చూసి గానీ డబ్బు తీయకండి.

టేపు పెట్టి వెనక బ్రాకెట్ దగ్గర్నుంచి హార్డ్‌డిస్క్ గూడు దాకా పొడవు కొలవండి. కార్డు పొడవు దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువుండాలి.

తర్వాత స్లాటు తరం. ఇంటెల్ రెండో జనరేషన్ మెషీన్లలో అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0. మూడో జనరేషన్ ఐ5, ఐ7ల నుంచి, బోర్డు కూడా ఒప్పుకుంటే, 3.0. స్లాటులో డేటా పోయే దారులను లేన్లంటారు. ఒక్కో లేనుకు 2.0లో సెకనుకు 500 ఎంబీ, 3.0లో దాదాపు ఒక జీబీ పోతుంది. కొత్త కార్డులైతే పాత స్లాటులో పనిచేస్తాయి, అందులో భయం లేదు. అయితే కొన్ని చిన్న కార్డులకు 16 లేన్లకు బదులు నాలుగే ఉంటాయి. అలాంటిదాన్ని 2.0 స్లాటులో పెడితే మిగిలేది సెకనుకు 2 జీబీ దారి. కార్డు మెమరీ నిండిన క్షణం నుంచి పని తడబడుతుంది. పాత బోర్డుకు లేన్లు ఎక్కువున్న కార్డే మేలు. బోర్డు మీద పెద్ద స్లాట్లు రెండుంటే ప్రాసెసర్‌కి దగ్గరున్నదే వాడండి. రెండోది చూడ్డానికి అంతే ఉన్నా లోపల తరచూ నాలుగు లేన్లే ఉంటాయి.

2012కు ముందరి బోర్డుల్లో చాలావాటికి యూఈఎఫ్ఐ (మెషీన్ ఆన్ చేసే కొత్త పద్ధతి) లేని పాత బయోస్ ఉంటుంది. వాటిలో కొత్త కార్డు పెడితే కొన్నిసార్లు స్క్రీన్ మీద బొమ్మే రాదు. అలాంటి బోర్డుంటే కార్డును అక్కడే బిగించి చూసి, వెలిగితేనే కొనండి.

మానిటర్ వీజీఏ ఒక్కటే ఉన్న పాతదైతే గుర్తుంచుకోండి, ఎన్విడియా 10 సిరీస్ నుంచి కార్డుల్లో అనలాగ్ అవుట్‌పుట్ లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిప్పున్న కన్వర్టర్ కావాలి. అసలు రంగులు చూసి ఆల్బమ్ చేసేవాళ్ళు ఆ మానిటర్ సంగతే ముందు ఆలోచించాలని నా మాట.

యూపీఎస్ లెక్కను చాలామంది వదిలేస్తారు. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లు మోస్తుంది, అందులో మానిటర్ కూడా కలిపే. కార్డు వేశాక ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే అది నిలబడుతుందో లేదో ముందే లెక్కేసుకోండి.

ఇక కార్డులు

జీటీ 710, 730లు స్క్రీన్‌కి బొమ్మ ఇవ్వడానికే. వేగం కోసం కొనకండి. జీటీ 1030 పేరుతో రెండు రకాలు అమ్ముతారు: ఒకటి జీడీడీఆర్5 మెమరీది, సెకనుకు 48 జీబీ. ఇంకోటి డీడీఆర్4 మెమరీది, సెకనుకు 17 జీబీ కూడా రాదు. డబ్బా మీద పేరు ఒకటే. పైగా ఏ రకంలోనూ వీడియో ఎన్‌కోడర్ లేదు. మిక్సింగ్ వాళ్ళు దాని జోలికి పోవద్దు.

జీటీఎక్స్ 1050 టీఐ 2016లో వచ్చింది, 4 జీబీ, 75 వాట్లు, చాలా మోడళ్ళకు విడి వైరు అక్కర్లేదు. ఎన్నో పెళ్ళిళ్ళు దాని మీద ఎడిట్ అయ్యాయి. కానీ ఆ తరం కార్డులకు ఎన్విడియా 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు ఆపేసింది. 2028 అక్టోబరు దాకా భద్రతకు సంబంధించినవే ఇస్తుంది. తెలిసినవాళ్ళ దగ్గర బాగా చవగ్గా వస్తే తీసుకోండి, మంచి ధర పెట్టి మాత్రం కాదు. దాని తర్వాతిది జీటీఎక్స్ 1650, 2019 నాటిది, అదీ 4 జీబీ, 75 వాట్లే. 16 లేన్లుంటాయి కాబట్టి 2.0 స్లాటున్న పాత బోర్డులకు నేను దీన్నే చెబుతాను. కొన్ని మోడళ్ళకు 6 పిన్నుల వైరు కావాలి, కొనేముందు కార్డు అంచు ఫోటో చూసుకోండి.

3.0 స్లాటు ఉండి, విడి వైరు లేని మెషీన్‌కి నా మొదటి మాట ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు, సగం ఎత్తు మోడళ్ళు కూడా ఉన్నాయి. ఎన్‌కోడర్ బాగుంటుంది, టెన్సర్ కోర్లుంటాయి. పేరు దగ్గర మాత్రం జాగ్రత్త: 3050లోనే 8 జీబీది ఒకటుంది, అది 130 వాట్లు, దానికి విడి వైరు కావాలి. దుకాణంలో "3050" అని మాత్రమే అడిగితే ఏదొస్తుందో చెప్పలేం. "6 జీబీ, వైరు లేనిది" అని అడగండి, డబ్బా మీద చదవండి.

ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 6400ని 53 వాట్లే కదా అని చూపిస్తుంటారు. దానికి ఉన్నవి నాలుగు లేన్లు, వీడియో ఎన్‌కోడర్ లేదు. 3.0 స్లాటులో ఆటలకు పరవాలేదు, మన పనికి కాదు. ఇంటెల్ ఆర్క్ ఏ380 వీడియోకి చాలా మంచి కార్డు, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్ ఎన్‌కోడింగ్ కూడా ఉంది. అయితే దానికి బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలి. ఇంటెల్ చెప్పేది పదో జనరేషన్, ఆపైన. పాత మెషీన్‌లో పెడితే దాని సత్తా బయటికి రాదు.

మామూలు సైజు క్యాబినెట్, 24 పిన్నుల బోర్డు ఉన్నవాళ్ళు ముందు 550 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ వేయించుకుంటే దారి తెరుచుకుంటుంది: ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5050 130 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 132 వాట్లు, మూడూ 8 జీబీవే. నాలుగో జనరేషన్ ప్రాసెసర్ వీటిని పూర్తిగా పరిగెత్తించలేదు. కానీ వచ్చే ఏడాది కొత్త మెషీన్ కట్టే ఆలోచన ఉంటే ఈ ఖర్చు వృథా కాదు. ఎస్ఎంపీఎస్, కార్డు రెండూ కొత్తదాంట్లోకి నడిచిపోతాయి. ఆ ఆలోచన లేకపోతే 3050 దగ్గర ఆగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసిందనీ, విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్కలోకి వస్తుందనీ మరచిపోవద్దు. పాత పెట్టె మీద ఎంత పెట్టాలో ఆ తేదీయే చాలావరకు చెబుతుంది.

స్టూడియో వాళ్ళకు ఇంకొక్క మాట, ఇది నేను ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తోంది. కొత్త కెమెరాల్లో హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే రకం) అని పెట్టి తీస్తున్నారు. ఆ ఫుటేజీని కార్డు మీద నేరుగా డీకోడ్ చేయగలిగేది ఎన్విడియాలో 50 సిరీస్ నుంచే. 3050, 4060 చేయలేవు. బరువంతా పాత ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. కార్డు వేసినా ఇంతేనా అని మనసు కష్టపెట్టుకుంటారు. కెమెరా మెనూలో 4:2:0 ఉంటే అది పెట్టి తీయండి. పెళ్ళి వీడియోకి అది చాలు. ఇప్పటికే అలా షూట్ చేసింది ఉంటే ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్ళు) చేసుకుని ఎడిట్ చేయండి.

ఆటల కోసం అడిగే ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలకు ఎన్‌కోడర్ గొడవ లేదు. 1080 స్క్రీనైతే పైన చెప్పిన 75 వాట్ల కార్డులతో సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు.

కొనేటప్పుడు

మద్రాసు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ధర తగ్గుతుందని పినాకిని రైలెక్కి పోయేవాళ్ళున్నారు. పోవచ్చు. కానీ కార్డు పాడైతే దాన్ని మళ్ళీ ఎవరు పట్టుకెళ్తారో ముందే ఆలోచించుకోండి. నెల్లూరులోనో ఒంగోలులోనో జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాసిచ్చే దుకాణం ఉంటే, కాస్త ఎక్కువైనా నేను అక్కడే కొంటాను.

సెకండ్ హ్యాండ్ కార్డును మెషీన్‌లో బిగించి చూడకుండా కొనొద్దు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. పాత కార్డుల బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే మోసం చాలా కాలంగా ఉంది, అలాంటి వాటిలో చాలావాటిని అది పట్టిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 అని చూపిస్తే 2048 ఎస్‌పీ రకమా చూడండి, అది అసలు 580 కాదు, 570కి దగ్గరిది. తర్వాత కార్డుకు పూర్తి బరువు పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాం పెట్టి అరగంట నడపండి. చుక్కలు, గీతలు, ఫ్యాన్ గరగర ఏది వచ్చినా వెనక్కిచ్చేయండి. తుమ్మలపెంట వైపు, సముద్రం దగ్గరి ఊళ్ళలో వాడిన కార్డుల స్క్రూలు, బ్రాకెట్ తుప్పు పట్టాయేమో చూడండి. పైన తుప్పుంటే లోపలి కాంటాక్టులకూ ఉప్పుగాలి తగిలినట్టే.

బిగించడం

ముహూర్తాల మధ్యలో పెట్టుకోకండి. ఆషాఢమో మూఢమో చూసుకుని, డెలివరీలు లేని వారంలో చేయండి. మొదట డిస్కుల్లో ఉన్నదంతా వేరే డ్రైవ్‌లోకి కాపీ తీయండి. బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ ఉంటే, యూపీఎస్ మీద ఉండగా, అప్‌డేట్ చేయండి. బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మార్చాల్సి వస్తే ఆగండి. విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించి ఉంటే అది ఇక బూట్ కాదు. ముందు విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీతో డిస్కును మార్చుకోవాలి. బయోస్‌లో మల్టీ మానిటర్ ఆప్షన్ ఉంటే ఆన్‌లో పెట్టండి. ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా మేల్కొని ఉంటుంది, ఎడిటింగ్‌లో డీకోడింగ్‌కి అదీ సాయపడుతుంది.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని అప్పుడు చెయ్యి లోపల పెట్టండి. కార్డు స్లాటు చివరి క్లిప్ టక్కుమనేదాకా సమంగా నొక్కి, బ్రాకెట్ స్క్రూ బిగించండి. మానిటర్ వైరు మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకు పెట్టండి. బొమ్మ రావడం లేదని నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం ఈ వైరే. పాత కార్డు డ్రైవర్‌ని డీడీయూ అనే ప్రోగ్రాంతో తుడిచి, కొత్తది కంపెనీ సైట్ నుంచే ఎక్కించండి.

ఆ తర్వాత మొదటి పని కొత్త ఆర్డరు కాకూడదు. డెలివరీ అయిపోయిన పాత పెళ్ళి ప్రాజెక్టు ఒకటి తెరిచి మొత్తం ఎక్స్‌పోర్ట్ పెట్టండి. ఎండ గట్టిగా ఉన్న మధ్యాహ్నం, ఏసీ లేని గదైతే మరీ మంచిది. టాస్క్ మేనేజర్‌లోనే కార్డు వేడి కనిపిస్తుంది. 80 డిగ్రీలు దాటి ఎక్కుతూ పోతుంటే క్యాబినెట్ వెనక వేడి బయటికి లాగే ఫ్యాను ఒకటి వేయించండి. రోహిణి కార్తెలో గది వేడి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ ఫ్యాను ఇప్పుడే ఉండాలి. ఎక్స్‌పోర్ట్ పూర్తయ్యాక ఆ వీడియోను మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఎక్కడా ఫ్రేమ్ చెదరకపోతే, మెషీన్ మధ్యలో ఆగకపోతే, కొత్త ఆర్డరు డిస్కు తగిలించవచ్చు. పాత కార్డు పనిచేస్తుంటే కవర్లో పెట్టి దాచుకోండి. సీజన్ మధ్యలో కొత్తది వారంటీకి పంపాల్సి వస్తే అదే ఆదుకుంటుంది.